దారితప్పిన రెక్కలు: నిషిద్ధ గగనతలమును గూర్చిన సమీక్ష

2005వ సంవత్సరము మే నెల 11వ తేదీని, పెన్సిల్వేనియా రాష్ట్రమందలి స్మోక్‌టౌన్ అను చిన్న విమానాశ్రయమునుండి బయలుదేరి ఉత్తర కరొలైనాలోని లంబర్టన్ పట్టణమునకు పోవుచుండిన సెస్నా 150 విమానమొకటి, వాషింగ్టన్ నగరముచుట్టును గీయబడియున్న రక్షణవలయమును దాటి, అధ్యక్షభవనమునకు మూడు మైళ్ల దూరమువరకు చొచ్చుకొనివచ్చెను. అందున్నవారిరువురు: ఒకరు లైసెన్సు గల వయోధికుడైన చోదకుడు, రెండవవాడు విమానవిద్య నేర్చుకొనుచున్న విద్యార్థి. వారి మూలమున కాపిటల్ భవనమునందలి శాసనసభ్యులును ఉద్యోగులును సందర్శకులును పరుగుపరుగున వీధులలోనికి తరలింపబడిరి. ఎఫ్-16 యుద్ధవిమానములు ఆ చిన్నవిమానముచుట్టును తిరుగుచు హెచ్చరికగా ఫ్లేర్లను మండించి జారవిడిచినవి. హెలికాప్టరొకటి ప్రక్కకు వచ్చి సైగలు చేసినది. తుదకు మేరీలాండులోని ఫ్రెడరిక్ విమానాశ్రయమున దానిని దింపి, అందున్నవారిని నేలమీద పరుండబెట్టి విచారింపగా తేలిన సంగతి యేమనగా, వారికి దురుద్దేశము లేశమైనను లేదు. దారి తప్పిరి, అంతే. అధ్యక్షుడు బుష్ ఆ సమయమున మేరీలాండులోనే ఒక వన్యప్రాణి పరిశోధనాకేంద్రమున సైకిలు త్రొక్కుచుండెననియు, అంతయు ముగిసినదాక ఆయనకు వార్త చేరనేలేదనియు తెలిసి పత్రికలు ఎత్తిపొడిచినవి. ఆ విమానము దిగిన ఫ్రెడరిక్ విమానాశ్రయముననే, 1939 నుండి అమెరికాలోని ప్రైవేటు చోదకుల హక్కులకై వాదించుచున్న విమానయజమానుల, చోదకుల సంఘమునకు ప్రధానకార్యాలయము కలదు. దారితప్పిన సభ్యుని పుట్టింటికే పట్టి తెచ్చినట్లయినది.

ఈ యుదంతమునకు దాదాపు పదునొకండు సంవత్సరములు పూర్వము, 1994 సెప్టెంబరు 12వ తేదీ నడిరేయి దాటినవెనుక, ఇదే సెస్నా 150 జాతికి చెందిన మరియొక విమానము, దొంగిలింపబడినదై, అదే అధ్యక్షభవనము దక్షిణపు పచ్చికపై కూలి, నడపినవాడు మరణించెను. దాని నాపినవారు లేరు. అధ్యక్షుడు క్లింటన్ కుటుంబము ఆ రాత్రి ఎదుటనున్న అతిథిభవనమున విశ్రమించియుండుట అదృష్టము. రెండు విమానములును ఒక్క అచ్చున పోసినవి. నిండుబరువు పదునారువందల పౌనులు, అనగా మన వీధులలో తిరుగు చిన్నకారంత. వేగము గంటకు నూరు నావికమైళ్ల ప్రాంతము. రాడారు తెరమీద రెండును ఒకే చుక్కగా కనబడును. ఒకదానిలో చావునకు తెగించినవాడు, మరియొకదానిలో పటము సరిగా చదువని పెద్దమనిషి. నిషిద్ధాకాశసమస్య యంతయు ఈ రెండు చుక్కల సాదృశ్యమునందే యిమిడియున్నది. శాసనము మనస్సును చూచి శిక్షించును. రాడారునకు మనస్సు కనబడదు. నేలమీది యధికారికి ఆ మనస్సును ఊహించుటకు దొరకు వ్యవధి కొద్ది నిమిషములు మాత్రమే. కావున ఈ విషయమున నా యభిప్రాయమును ముందుగనే చెప్పివేయుదును: కంటికి కనబడని గీటును గీచిన రాజ్యము, ఆ గీటు ఎక్కడనున్నదో దాటబోవువానికి తెలియజేయు భారమునుగూడ తానే మోయవలెను, దాటినపిదప పరుగెత్తించు యుద్ధవిమానములకంటె, దాటకమునుపు వినిపించు ఒక్క మాట మేలు.

ఆకాశమునకు యజమాని ఎవడను ప్రశ్న విమానము పుట్టకముందు న్యాయపండితుల వినోదము. మొదటి మహాయుద్ధము ముగియునప్పటికి అది రాజ్యముల ప్రాణసమస్య యైనది. 1919లో పారిస్ నగరమున కుదిరిన ఒడంబడిక, ప్రతిరాజ్యమునకును తన భూభాగముపైనున్న ఆకాశమునందు సంపూర్ణమైన సార్వభౌమత్వము కలదని అంగీకరించి, సైనికావసరములనుబట్టియు ప్రజల భద్రతనుబట్టియు కొన్ని ప్రదేశములపై విమానసంచారమును నిషేధించు హక్కును గుర్తించినది. అంతవరకు ఆశ్చర్యము లేదు. కాని దాని నాలుగవ అధికరణము చదువదగినది: నిషిద్ధప్రదేశముపైకి వచ్చిన విమానము, ఆ సంగతి తనకు తెలిసినతోడనే, ఆపత్సంకేతమిచ్చి, ఆ ప్రదేశమునకు వెలుపల సమీపమందున్న విమానాశ్రయమున దిగవలెనట. తెలిసినతోడనే యనుటలో, తెలియకయు రావచ్చునను ఒప్పుదల కలదు. బట్టరెక్కల విమానములు గాలివాటున కొట్టుకొనిపోవు ఆ దినములలో, దారితప్పుట నేరముకంటె దురదృష్టమునకు దగ్గరగా తోచినది కాబోలు. 1944 డిసెంబరులో షికాగోలో కుదిరిన నేటి యంతర్జాతీయ ఒడంబడిక, తొమ్మిదవ అధికరణమున ఈ హక్కునే నిలిపి, ఒక షరతు జేర్చినది: నిషిద్ధప్రదేశముల విస్తీర్ణమును స్థానమును సమంజసముగా నుండవలెను, విమానయానమునకు అనవసరమైన ఆటంకము కలిగింపరాదు. ఈ షరతును అనేకరాజ్యములు కాగితముమీద గౌరవించి, ఆకాశమున మరచుచున్నవి.

గీటులన్నియు ఒక్కతీరువి కావు. అమెరికా పద్ధతిలో పూర్తిగా నిషిద్ధమైనవి కొలదిగానే కలవు. వాషింగ్టనులో అధ్యక్షభవనమును కాపిటలును కప్పుచున్న పి-56 వానిలో ప్రసిద్ధము. కేంప్ డేవిడ్ విశ్రాంతిస్థానముపైనున్న పి-40 మరియొకటి. వీనికి తరువాతివి నియంత్రిత ప్రదేశములు: ఫిరంగులు ప్రేలుచోట్లు, క్షిపణులను పరీక్షించు ఎడారులు. ఇవి కొన్నిగంటలు మేల్కొనియుండి కొన్నిగంటలు నిద్రించును. నిద్రించువేళ అడిగి దాటవచ్చును, మేల్కొన్నవేళ దాటుట ప్రాణాపాయము. ఈ రెండువిధములవియు పటములమీద అచ్చుపడియుండుటచేత, పటము చదువగలవానికి అంత బెడద లేదు. అసలు చిక్కు మూడవజాతితో, అనగా తాత్కాలిక నిషేధములతో వచ్చినది. అడవి తగులబడినచోట, వరదవచ్చినచోట, అధ్యక్షుడు విడిదిచేసినచోట, అప్పటికప్పుడు వలయము గీయుదురు. అధ్యక్షుని చుట్టును గీయు వలయము సాధారణముగా ముప్పది నావికమైళ్ల వ్యాసార్ధము కలది, అందులో లోపలి పదిమైళ్లు ప్రైవేటు చోదకునకు పూర్తిగా మూసిన తలుపు. ఆయన గోల్ఫు ఆడుటకు పోయిన ఊరిలో, తన గడ్డిమైదానమునుండి ప్రతి శనివారము ఎగురు రైతుచోదకుడు, ఈ శనివారము ఎగురరాదని తెలిసికొనవలెను. 2025లో ఫ్లోరిడాలోను న్యూజెర్సీలోను అధ్యక్షుడు ట్రంపు విడిదులచుట్టును ఇట్లు వలయములు దాటిన చిన్నవిమానములను యుద్ధవిమానములు మాటిమాటికిని అడ్డగించుటయు, ఎగురబోవుముందు ప్రకటనలు చదువుడని ఉత్తర అమెరికా గగనరక్షణదళము వేడుకొనుటయు పరిపాటి యైనది.

తాత్కాలికముల పేర శాశ్వతముగా వెలసినవియు లేకపోలేదు. ఫ్లోరిడా, కాలిఫోర్నియాలలోని డిస్నీ వినోదోద్యానములపై మూడు నావికమైళ్ల వ్యాసార్ధమున, మూడువేల అడుగుల ఎత్తువరకు, 2003 నుండి నిషేధము అమలులో నున్నది. ముప్పదివేలమంది గాని అంతకుమించి గాని కూర్చుండగల క్రీడాస్థలములలో పెద్దజట్ల బేస్‌బాలు, ఫుట్‌బాలు ఆటలు జరుగునపుడు, ఆటకు గంటముందునుండి ఆట ముగిసిన గంటవరకు అంతే కొలత గల వలయము. ఆట ఎప్పుడు ముగియునో ఆటగాండ్రకే తెలియదు. సమమై అదనపు ఇన్నింగ్సులకు సాగినయెడల, ఆకాశములోని చోదకుడు దాని నెట్లు తెలిసికొనును? బొమ్మయెలుకకును అధ్యక్షునకును సమానమైన గగనగౌరవము లభించిన దేశమున, నిషేధమునకు గాంభీర్యము తగ్గిపోవుట సహజము. ఎల్లచోట్ల గీటులున్నచో ఏ గీటు ప్రాణాంతకమో, ఏది కేవలమలంకారమో పోల్చుకొను శక్తి మొద్దుబారును.

ఇక దారి యెట్లు తప్పుదురో విచారింతము. ప్రైవేటు చోదకులలో అధికసంఖ్యాకులు కంటిచూపున నేలను పోల్చుకొనుచు పోవువారు. నదియో రహదారియో రైలుకట్టయో చూచి, పటముతో సరిపెట్టుకొని, దిక్సూచిని గడియారమును నమ్ముకొని పోవుట వారి విద్య. ప్రక్కగాలిని తక్కువగా అంచనా వేసినచో, గంటప్రయాణమున పది పదునైదు మైళ్లు ప్రక్కకు జరుగుట వింతకాదు. ఎదుట మేఘము క్రమ్మినచో దానిని చుట్టివచ్చుటకు త్రోవ విడుతురు. ఆ చుట్టుత్రోవ ఏ వలయమును తాకునో ఇంటివద్ద చూచుకొనిన త్రోవలో లేదు. జి.పి.ఎస్. వచ్చినది గదా, ఇంకెక్కడి దారితప్పుట అని పాఠకులు అడుగవచ్చును. తెరమీద ఊదారంగు గీత తన్ను గమ్యమునకు తిన్నగా నడిపించుచుండగా, ఆ తిన్ననిదారి నిషిద్ధప్రదేశము మీదుగా పోవుచున్నదేమో యని చూచువారు తగ్గిరి. యంత్రములోని సమాచారము నిన్నటిదై, నిషేధము నేటిదైనను సంకటమే. బ్రిటనులో ఏటేట నమోదగుచున్న గగనాతిక్రమణములలో ప్రక్కకు జరిగి వచ్చునవేకాక, ఎత్తు తప్పుటచే వచ్చునవియు విస్తారముగా కలవు. వేసవినాడు వేడిగాలి విమానమును నాలుగువందల అడుగులు పైకెత్తినచో, పైనున్న నియంత్రిత ప్రదేశపు అడుగును తల తాకును. అందుచేత అచ్చటివారు చోదకులకు ‘రెండింటిని విడువుడు’ అను సూత్రమును బోధించుచున్నారు: గీటునుండి ప్రక్కకు రెండు నావికమైళ్లు, నిలువునకు రెండువందల అడుగులు ఎడముగా నుండుమనుట. చిన్న ఉపదేశమే కాని, చోదకుడు పొరపాటు చేయునను నిశ్చయముతో చేసిన యుపదేశమగుటచేత విలువైనది.

చోదకులకు నిషేధములను తెలుపు ప్రకటనలకు నోటామ్ అని వాడుక. తంతివార్తల కాలమున అక్షరమునకు ఖరీదు కట్టవలసివచ్చినపుడు ఏర్పడిన సంక్షిప్తభాష అందు నేటికిని రాజ్యమేలుచున్నది. పొదుపుకై అచ్చులు తీసివేసిన మాటలు, అక్షాంశరేఖాంశముల వరుసలు, సార్వకాలమానపు గంటలు. వీనినడుమ ఎక్కడనో దీపము వెలుగని టవరునుగూర్చియు, గడ్డి కోయుచున్న రన్‌వేనుగూర్చియు, అధ్యక్షుని వలయమునుగూర్చియు ఒకే అచ్చున ఒకే గొంతున వచ్చును. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పెద్దప్రయాణికవిమానము రన్‌వే యనుకొని, విమానములు నిలిచియున్న టాక్సీత్రోవపై దిగబోయిన సందర్భమున, ఒక రన్‌వే మూసియున్నదను ముఖ్యవార్త నోటాముల గుట్టలో అణగిపోయినదని అమెరికా రవాణాభద్రతామండలియే తప్పుపట్టినది. ఆ విమానము నడపినవారు అనుభవజ్ఞులైన వృత్తిచోదకులు, వారికి సహాయముగా సంస్థ కార్యాలయములు కలవు. వారికే అంతుపట్టనిదానిని, ఆదివారమునాడు మిత్రునితో ఎగురు దంతవైద్యుడో పాఠశాలోపాధ్యాయుడో తప్పక గ్రహింపవలెనని పట్టుపట్టుట న్యాయముగా తోచదు. అట్లని చోదకుని దోషము లేదనుటలేదు. స్మోక్‌టౌనునుండి వచ్చినవారు ఎగురబోవుముందు చేయవలసిన పరిశీలనను సరిగా చేయలేదు. రాజధానిచుట్టును రెండేండ్లకు పైగా వలయమున్నదని దేశమంతటికిని తెలిసిన కాలమున అది క్షమింపదగిన అజాగ్రత్త కాదు. ఆ చోదకుని లైసెన్సును విమానయానశాఖ రద్దుచేసినది, అది తగినశిక్షయే.

కాని అదే రాజధానివలయపు చరిత్ర రాజ్యముయొక్క పాలినిగూడ చూపును. 2001 సెప్టెంబరు దాడుల తరువాత, 2003 ఫిబ్రవరిలో అత్యవసరముగా గీచిన ఆ వలయము ఆకృతి, విమానాశ్రయముల పూర్వపు హద్దుల ననుసరించి వంకరలు పోయి, ఎలుకచెవులవలె పొడుచుకొనివచ్చిన భాగములతో నుండినది. చోదకులు దానిని డిస్నీవారి ఎలుకపేరుతోనే పరిహసించిరి. ఆ దినములలో దేశముమీద నిషిద్ధ నియంత్రిత ప్రదేశముల అతిక్రమణములు, 2001 సెప్టెంబరు మొదలు 2004 తుదివరకు, సుమారు 3,400 జరిగినవనియు, వానిలో అత్యధికభాగము చిన్నవిమానములవే యనియు అమెరికా ప్రభుత్వ గణకకార్యాలయము వెల్లడించినది. ఇన్నివేల అతిక్రమణములలో ఒక్కటైనను దాడి కాకపోవుట గమనింపదగినది. 2007లో వలయమును ముప్పదిమైళ్ల వ్యాసార్ధము గల వృత్తముగా సరిదిద్దిరి. 2009లో శాశ్వతము చేయుచు, అరువదిమైళ్లలోపల కంటిచూపున ఎగురదలచిన ప్రతిచోదకుడును ప్రత్యేకశిక్షణ పూర్తిచేయవలెనని విధించిరి. ఈ శిక్షణను ఇంటివద్ద కూర్చుండి ఉచితముగా పొందవచ్చును. గీటును గుండ్రము చేయుటయు, దానినిగూర్చి పాఠము చెప్పుటయు, రెండును తుపాకికంటె చవుక.

దాటినపిదప జరుగునది వేరొక ప్రకరణము. యుద్ధవిమానమునకును సెస్నాకును వేగముననున్న తారతమ్యము అడ్డగించుపనిని చిక్కుపరచును. ఎఫ్-16 ఎంత మెల్లగా పోయినను సెస్నాప్రక్కన నిలువలేదు, దూసుకొనిపోయి మరల చుట్టివచ్చుచుండవలెను. ఎడమప్రక్క మెరుపువలె మెరసి పోయినదానిని చూచి భయపడినచోదకుడు ఏమిచేయవలెనో మరచుట సహజము. అంతర్జాతీయ నియమములప్రకారము, అడ్డగించువాడు రెక్కల నూపినచో తానును రెక్కల నూపి వెంబడింపవలెను, 121.5 మెగాహెర్ట్జ్ అత్యవసర తరంగమున పలుకవలెను. ఈ పాఠము ప్రతిచోదకుడును పరీక్షకై చదివినదే. ఇరువది సంవత్సరములవెనుక చదివినది భయసమయమున జ్ఞాపకము వచ్చునా? ఈ కష్టమును గ్రహించి, 2006లో రాజధానిప్రాంతమున మెల్లగా పోవు చిన్నవిమానముల నడ్డగించుపనిని తీరరక్షకదళపు హెలికాప్టరులకు అప్పగించిరి. అంతకుముందే, స్మోక్‌టౌను విమానము వచ్చిన పదిదినములకే, నేలనుండి ఎరుపు ఎరుపు ఆకుపచ్చ వరుసలో మెరయు లేజరుకాంతులను దారితప్పినవాని గదిలోనికి ప్రసరింపజేయు ఏర్పాటు అమలులోనికి వచ్చినది. రేడియో మూగయైనను, తరంగము తప్పుగా త్రిప్పినను, ఈ కాంతి చోదకునితో నేరుగా మాటాడును: వెనుకకు తిరుగుము. నా దృష్టిలో ఈ సమస్యకు కనిపెట్టిన యుపాయములలో ఇంత మానవీయమైనది మరియొకటి లేదు.

తప్పు ఆకాశముననేకాక నేలమీదను జరుగును. 2004 జూన్ 9వ తేదీని, మాజీ అధ్యక్షుడు రీగన్ అంత్యక్రియలకు వచ్చుచుండిన కెంటకీ గవర్నరు విమానము, అనుమతి పొందియే వచ్చుచుండినను, దాని ట్రాన్స్‌పాండరు పనిచేయకపోవుటయు ఆ సంగతి ఒక కార్యాలయమునుండి మరియొకదానికి చేరకపోవుటయు కలిసి, కాపిటలు ఖాళీ చేయబడినది. పదునెనిమిదేండ్లు గడచినను బుద్ధి రాలేదనుటకు 2022 ఏప్రిల్ 20వ తేదీ నిదర్శనము: బేస్‌బాలు మైదానముపై గొడుగులతో దుముకుటకై సైనికులను మోసుకొని తిరుగుచుండిన సైన్యమువారి విమానమునే శత్రువని భ్రమించి కాపిటలును ఖాళీచేయించిరి, ఆ ప్రదర్శనసంగతి ముందే తెలిసియుండియు కాపిటలు పోలీసులకు చెప్పని విమానయానశాఖ తరువాత తప్పొప్పుకొనినది. ప్రభుత్వమునకే తన విమానము తెలియని చోట, ప్రైవేటు చోదకుని అజ్ఞానమును క్రూరముగా చూచుట యెట్లు?

ఇంతవరకు చెప్పిన దారితప్పినవారి కథలలో ప్రాణనష్టము లేదు. అన్నిచోట్లను అట్లు గాలేదు. 1983 సెప్టెంబరు 1న సోవియట్ యుద్ధవిమానము కూల్చిన కొరియా ప్రయాణికవిమానములో 269 మంది బలియైరి. అది చిన్నవిమానము కాదు గాని, దారితప్పుటయే దాని నేరమగుటచేతను, దానివలననే శాసనము మారుటచేతను ఇచ్చట చెప్పవలసియున్నది. ఆ దుర్ఘటన దరిమిలా రీగన్ ప్రభుత్వము జి.పి.ఎస్. ను పౌరవిమానములకు ఇత్తునని ప్రకటించెను. షికాగో ఒడంబడికకు 1984 మే 10న చేర్చిన క్రొత్త అధికరణము, ఎగురుచున్న పౌరవిమానముపై ఆయుధము ప్రయోగింపరాదని విధించెను. అది అమలులోనికి వచ్చునప్పటికి 1998 అక్టోబరు వచ్చినది. ఆ నడుమకాలముననే, 1995 సెప్టెంబరు 12న, స్విట్జర్లాండునుండి బయలుదేరిన గోర్డన్ బెన్నెట్ బెలూనుపందెములో పాల్గొన్న ఒక బెలూనును బెలారస్ సైనిక హెలికాప్టరు కాల్చికూల్చెను. ఇరువురు అమెరికనులు మరణించిరి. పందెము నిర్వాహకులు ఆ రాజ్యమునకు నెలలముందే తెలియజేసియుండిరి. బెలూనునకు చుక్కాని లేదు. గాలి యెటు వీచిన నటు పోవును. దారితప్పుట దారి యుండుటచేతనే గదా. దారియే లేనిదానిని దారితప్పెనని చంపిరి. 2001 ఏప్రిలులో పెరూ వాయుసేన, మాదకద్రవ్యముల రవాణాదారులని యనుమానించి, మతప్రచారకుల కుటుంబము ప్రయాణించుచున్న నీటివిమానమును కాల్చగా తల్లియు పసిబిడ్డయు చనిపోయిరి. విమానముప్రక్కన వ్రాసియున్న నమోదుసంఖ్యను ముందే సరిచూచియుండినచో ఆ ప్రాణములు నిలిచియుండెడివి.

ఇవి చదివినవాడు కాల్చువారిని నిందించి ఊరకుండవచ్చును. ఎదుటి ప్రక్కను చూడవలెనన్న మాస్కో వృత్తాంతమును జ్ఞాపకము చేసికొనవలెను. 1987 మే 28న పందొమ్మిదవయేటనున్న జర్మను యువకుడు హెల్సింకినుండి సెస్నా 172లో బయలుదేరి, సోవియట్ రక్షణవ్యవస్థ నంతయు దాటి, ఎఱ్ఱచౌకము చెంత దిగినాడు. అతడు దారి తప్పలేదు, కోరి వచ్చినాడు. కాని చూచినవారందరును ఏదో స్వదేశీయమైన శిక్షణవిమానము దారితప్పినదనుకొనిరి. కొరియా విమానము తరువాత కాల్చుటకు జంకుచుండిన సైన్యము ఈసారి కాల్చలేదు. ఫలితముగా రక్షణమంత్రి సొకొలోవ్, గగనరక్షణాధిపతి కొల్డునోవ్ పదవులు పోగొట్టుకొనిరి. కాల్చినవానికి హత్యాపాపము, కాల్చనివానికి పదవీభ్రష్టత. ఈ ద్వంద్వమునుండి బయటపడుటకు జర్మనీ 2005లో ఒక శాసనము చేసి, ఆయుధముగా ఉపయోగింపబడు విమానమును కూల్చుటకు రక్షణమంత్రి కధికారమిచ్చినది. 2006 ఫిబ్రవరి 15న ఆ దేశపు రాజ్యాంగన్యాయస్థానము ఆ భాగమును కొట్టివేసెను: లోపల నిరపరాధులున్నపుడు, వారిని వస్తువులవలె లెక్కించి మరికొందరి రక్షణకై చంపుట మానవగౌరవమునకు విరుద్ధమని. ఈ తీర్పును అవాస్తవికమని విమర్శించినవారు కలరు. నేను మాత్రము, రాడారుచుక్కలో మనిషియున్నాడని ఒక న్యాయస్థానమైనను నొక్కి చెప్పినందుకు దానిని మెచ్చుకొందును.

శిక్షలసంగతి కొంచెములో ముగింతును. అమెరికాలో పొరపాటున దాటినవానికి సాధారణముగా కొన్నివారములో నెలలో లైసెన్సు నిలిపివేత. తెలిసియు బుద్ధిపూర్వకముగను రక్షణగగనతలమును అతిక్రమించినవానికి ఒకయేడువరకు కారాగారము. కాని శిక్షకంటె ఎక్కువ మేలుచేసినది 1976 నుండి నాసా నడుపుచున్న రహస్యనివేదికల పద్ధతి. తప్పుచేసినచోదకుడు పదిదినములలోపల ఏమి జరిగినదో వ్రాసిపంపినచో, అది ఉద్దేశపూర్వకము కానప్పుడు, గడచిన ఐదేండ్లలో వేరుదోషము నిర్ధారితము కానప్పుడు, దోషము రుజువైనను శిక్ష విధింపరు. విమానయానశాఖకు గాక నాసాకు వ్రాయుటలో కిటుకు కలదు: శిక్షించు చేతికిని వినుచెవికిని సంబంధము లేదు. ఇట్లు పోగైన లక్షలకొలది నివేదికలలో ఏ పటము తికమక పెట్టుచున్నదో, ఏ ప్రకటన ఎవరికిని అర్థము కాలేదో చోదకులే చెప్పుచున్నారు. దండనభయమున నోరుమూసికొనిన వైమానికలోకమునుండి ఈ జ్ఞానము లభించియుండెడిదా?

మన దేశపు పద్ధతి మరియొక విధము. ఇచ్చట చిన్నవిమానమైనను ప్రయాణపత్రము దాఖలుచేసి, గగనరక్షణాధికారులనుండి అనుమతిసంఖ్య పొందినగాని పైకిలేవ వలనుపడదు. అమెరికాలో చోదకుడు తెలిసికొని ఎగురవలెను. ఇచ్చట అడిగి ఎగురవలెను. అందుచేత మనకు దారితప్పు చిన్నవిమానములు అరుదు. అందుచేతనే మనకు చిన్నవిమానములును అరుదు. ఒక సౌకర్యమును పొందుటకు మరియొకదానిని చెల్లించితిమి. 1937 నాటి విమాననిబంధనల యనుబంధమున నిషిద్ధప్రదేశముల పట్టిక యొకటి కలదు. రాష్ట్రపతిభవనముతోను ట్రాంబే అణుకేంద్రముతోను పాటు, ముంబయి మలబారుకొండమీద పారసీకులు మృతులను విడుచు మౌనగోపురమునకును అందు చోటు లభించినది. రక్షణకేకాక మతగౌరవమునకును ఆకాశమును మూయవచ్చునని ఆంగ్లేయులకాలమునుండియు మనము ఒప్పుకొన్నట్లే. 1934 నాటి విమానశాసనము పోయి 2025 జనవరి 1 నుండి భారతీయ వాయుయాన అధినియమము వచ్చినను, ఈ తత్త్వము మారలేదు. తెలుగునేలమీదను గీటులకు కొదువ లేదు: దుండిగల్, హకీంపేటలలో వాయుసేన శిక్షణ, పౌరవిమానములు దిగు విశాఖపట్టణపు రన్‌వే నౌకాదళము వారిది, శ్రీహరికోటనుండి రాకెట్టు లేచునపుడెల్ల సముద్రముపై విస్తారమైన ఆకాశము కొన్నిగంటలు మూతపడును. ఇవి పనినిబట్టి పుట్టిన గీటులు. వీనిని కాదనువాడు లేడు.

ఇప్పుడు మన యెదుటనున్నది తిరుమల. ఆనందనిలయముపై విమానములు ఎగురుట ఆగమశాస్త్రవిరుద్ధమని దేవస్థానమువారు పలుమార్లు కేంద్రమును కోరిరి. 2025లో దేవస్థానము అధ్యక్షుడు బి.ఆర్. నాయుడు, మన శ్రీకాకుళమువాడే యైన పౌరవిమానయానమంత్రి రామ్మోహన్ నాయుడునకు మరల వ్రాసెను. భక్తుల మనస్సును త్రోసిపుచ్చుట తగదు. మలబారుకొండకు చెల్లిన న్యాయము ఏడుకొండలకును చెల్లవలెననుట అసంగతమును కాదు. అయితే కొండక్రిందనే రేణిగుంట విమానాశ్రయము కలదు. అచ్చట దిగువిమానముల త్రోవ యెటు పోవుచున్నదో, గాలి మారినపుడు ఏ దిక్కునుండి రావలసివచ్చునో, వానచీకటిలో చోదకుడు ఎంతదూరము ప్రక్కకు జరుగవచ్చునో ముందుగా కొలవవలెను. వ్యాసార్ధ మెంత, ఎత్తెంత, ఏగంటలలో, దాటినవానిని హెచ్చరించునది తిరుపతి టవరా చెన్నై నియంత్రణకేంద్రమా, అనునవి తేలి, పటముమీద అచ్చుపడి, చోదకుల చేతికి అందినపిదపనే మొదటి అతిక్రమణమును నమోదుచేయు పుస్తకమును తెరవవలెను.